మైలుతుత్తం

షాపు మూసేవేళకు సీసాలో సగం మిగిలింది.
రుచి చూపించడానికి తెరిచిందది.
ఎనిమిది మంది వచ్చారు, ముగ్గురు కొన్నారు.
ఒకాయన గ్లాసు తిప్పి తిప్పి,
"సేంద్రియమంటే మందు కొట్టనిదేనా?" అనడిగాడు.
మందుకు మళ్ళీ మందేంటి అని పక్కనున్నవాళ్ళు నవ్వారు.
నేనూ నవ్వాను.
నా జీతంలో అదొక భాగం.

బిరడా నొక్కి, తువ్వాల్లో చుట్టి,
బండి కొక్కేనికి సంచీ తగిలించి
బంజారాహిల్స్ దిగాను.
ప్యారడైజ్ దగ్గర, బోయిన్‌పల్లి దగ్గర, సుచిత్ర దాటాక కూడా
గుంత వచ్చినప్పుడల్లా సీసా మోకాలికి తగిలి
ఉన్నానులే అంటోంది.

దాంతోపాటు వచ్చే కరపత్రం నాకు నోటికొచ్చు.
నాలుగు తరాల కుటుంబం. ముత్తాత నాటిన తీగలు.
సాళ్ళ మధ్య గుర్రంతో దున్నకం.
సీసా మీద మనవరాలి చేతి సంతకం.
కింద చిన్న అక్షరాల్లో:
తెగులుకు కొద్దిగా తుత్తం, సున్నం. అంతే.

ఆ వాక్యం ఎవరికీ చదివి వినిపించను.

బోర్డో ఒక ఊరి పేరని
ఈ కొలువులో చేరాకే తెలిసింది నాకు.
కొంపల్లిలో అది పీపాలో కలిపే నీలం నీళ్ళ పేరు.
ఒక బక్కెట్లో మైలుతుత్తం, ఒక బక్కెట్లో సున్నం,
రెండూ కలిపాక బాపు కొడవలి ముంచి చూసేవాడు,
ఇనుము ఎర్రబారితే ఇంకో దోసెడు సున్నం.
ఆకుల మీద, రాతి కడీల మీద, బాపు చొక్కా మీద
అదే నీలం.
ఉతికీ ఉతికీ అమ్మ చివరికి
ఆ చొక్కా రంగే అది అనుకుంది.

తోట మాది కాదు.
తాత కడీలు పాతాడు, బాపు కత్తెర పట్టాడు,
నేను బడి ఎగ్గొట్టి పెట్టెల్లో గడ్డి పరిచాను.
పెట్టె మూత మీద దొర కూతురి పేరు,
పక్కన ఒక చిలక.

ఇప్పుడక్కడ పదిహేడు అంతస్తులు.
ద్రాక్షవనం ఎన్‌క్లేవ్.
గేటుకు ఇనుప గుత్తులు, వాటికి ఊదారంగు.
ఆ గేటు దగ్గర రాత్రి డ్యూటీ మల్కయ్యది,
అంటే బాపుది.

చిన్న గది. స్టీలు గ్లాసులు రెండు.
బాపు వాసన చూడలేదు, తిప్పలేదు,
కల్లు తాగినట్టు ఒక్క గుక్క.
"పుల్లగున్నది."
ఇంకో గుక్క.
"ఒగరు గూడ. తోలుతోని నానబెట్టిన్రు."
అవునన్నాను.
"కాయ చిన్నగుంటది."
అవునన్నాను.
"ఏడాదికి ఎన్ని కటింగులు?"
"ఒక్కటే బాపూ. చలికి ఆకంత రాలుస్తది,
నెలలకు నెలలు తీగ నిద్రపోతది."

గ్లాసు కింద పెట్టాడు.
"నిద్రపోతదా?"

మా దగ్గర ఎండల్లో ఒకసారి, దసరాకి ఒకసారి.
ఆకు దూసి, కొమ్మ కోసి,
కన్ను కన్నుకూ పసరు రుద్ది లేపేవాళ్ళు.
ఆ లెక్కంతా వేళ్ళమీద వేసుకుంటున్నట్టున్నాడు.
"మేమెన్నడు పండనియ్యలేదురా దాన్ని," అన్నాడు.
పదకొండున్నరైంది.
తెల్లారి ఆరుకి అతని డ్యూటీ దిగుతుంది.

హారన్.
లేచి, టోపీ పెట్టుకుని, అడ్డకర్ర లేపి,
నల్లటి అద్దానికి సలాం కొట్టి వచ్చాడు.
వచ్చి కరపత్రం దీపం కిందికి జరుపుకున్నాడు.
అందులో ఆ మనవరాలు, టోపీతో,
తీగ మీదికి వంగి, కత్తెరతో.

చాలాసేపు చూశాడు.
గుర్రాన్ని చూడలేదు, కొండను చూడలేదు.
గోరుతో ఒకచోట నొక్కి చూపించాడు:

"కన్నుకు మరీ దగ్గర కోస్తున్నదిరా పిల్ల.
వేలెడు ఇడిశిపెట్టాలె.
మీ షాపోళ్ళు ఉత్తరం రాస్తే
చెప్పుమను."